బబుల్ గమ్ ప్యాకెట్లో పెట్టుబడి

బేస్‌బాల్ మన ఆట కాదు. మన కాలేజీ గ్రౌండ్‌లో ఆ బ్యాటు పట్టుకున్నవాళ్ళని నేనైతే చూడలేదు. అయినా ఈ సంచికకి బేస్‌బాల్ కార్డుల గురించే రాస్తానని ఎడిటర్ టీమ్‌కి చెప్పాను. కారణం మెఫా. డిమాండ్, సప్లై, ఎన్‌పీవీ, పేబ్యాక్ పీరియడ్ అన్నీ ఆ సబ్జెక్టులో ఉంటాయి. పరీక్షకి ముందు రాత్రి చదువుతాం, పరీక్ష అయిన సాయంత్రానికి మర్చిపోతాం. ఆ సూత్రాలన్నీ ఒకే కథలో కనిపించే ఉదాహరణ ఏదైనా ఉందా అని వెతుకుతుంటే ఇది దొరికింది.

కథ చిన్నదే. ఒక అట్టముక్క, దాని మీద ఆటగాడి బొమ్మ. దాన్ని అమెరికా జనం మొదట పారేశారు. తర్వాత సరదాగా పోగేశారు. ఆ తర్వాత పిల్లల కాలేజీ ఫీజుకి పనికొస్తుందని నమ్మి పెట్టెలకు పెట్టెలు కొని అటకెక్కించారు. అటక మీద పెట్టినవాళ్ళలో ఎక్కువమందికి చివరికి మిగిలింది అట్టే.

చదువుతున్నంతసేపూ నన్ను వదలని ప్రశ్న ఒకటుంది: ఒక వస్తువు "పెట్టుబడి" ఎప్పుడవుతుంది? నాకు అర్థమైనంతలో అందుకు మూడు కాగితాలు కావాలి. ఏమేం ఉన్నాయో చెప్పే జాబితా, ఎంతకి పోతుందో చెప్పే ధరల పట్టిక, అసలుదే అని చెప్పే సర్టిఫికెట్. బేస్‌బాల్ కార్డులకి ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. నాలుగోది కూడా ఒకటి కావాలి, అది కొరత. దాన్ని మాత్రం ఎవరూ కాగితం మీద రాసి ఇవ్వలేరు. ఈ వ్యాసం ఆ నాలుగింటి గురించి.

ముందు అసలు కార్డు సంగతి

మనలో చాలామంది స్కూల్లో డబ్ల్యూడబ్ల్యూఈ ట్రంప్ కార్డులు ఆడినవాళ్ళమే. ముందువైపు బొమ్మ, పక్కన ఎత్తు, బరువు, ర్యాంకు. బేస్‌బాల్ కార్డు కూడా దాదాపు అలాంటిదే. కాకపోతే దాని వయసు ఎక్కువ. 1880లలో అమెరికా సిగరెట్ కంపెనీలు ప్యాకెట్లో సిగరెట్లు నలగకుండా ఒక గట్టి అట్ట పెట్టేవి. ఖాళీ అట్ట ఎందుకని దాని మీద నటీమణుల బొమ్మలు, ఆటగాళ్ళ బొమ్మలు వేయడం మొదలుపెట్టాయి. జనం బొమ్మ కోసం అదే బ్రాండ్ మళ్ళీ కొంటారని వాళ్ళ ఆశ. అంటే పుట్టుకతో అది ప్రకటన కాగితం.

1909 నుంచి 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ ఒక పెద్ద సెట్ వేసింది. అందులో పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు కూడా ఉంది. కానీ వాగ్నర్ అభ్యంతరం చెప్పడంతో దాన్ని మధ్యలోనే ఆపేశారు. పిల్లలు తన బొమ్మ కోసం పొగాకు కొనడం ఇష్టం లేక అలా చేశాడని కొందరంటారు, తనకి డబ్బు ఇవ్వలేదని చేశాడని ఇంకొందరంటారు. కారణం ఏదైనా ఫలితం ఒకటే. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద లెక్కకి వచ్చిన వాగ్నర్ కార్డులు 60కి అటూ ఇటూగా ఉంటాయి. ఈ కార్డుని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

1930లకి సిగరెట్ల స్థానంలో బబుల్ గమ్ వచ్చింది. కొనేవాళ్ళు పిల్లలయ్యారు. వాళ్ళు కార్డులకి రబ్బరు బ్యాండు వేసి జేబులో కుక్కుకున్నారు, గోడకేసి విసిరే పందేలు ఆడారు, సైకిల్ చక్రం పుల్లల మధ్య పెట్టి టపటపా శబ్దం చేయించారు. పెద్దయి ఊరు వదిలి వెళ్ళాక అమ్మలు గది సర్దుతూ మిగిలినవి చెత్తలో వేశారు. పాత కార్డులకి ఈనాడున్న ధరలో ఆ అమ్మల వాటా చాలా పెద్దది.

మొదటి కాగితం: జాబితా

జెఫర్సన్ బర్డిక్ అని ఒకాయన ఉండేవాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో విద్యుత్ పరికరాల ఫ్యాక్టరీలో భాగాలు బిగించే పని. కీళ్ళవాతంతో వేళ్ళు సరిగా వంగేవి కావు. బేస్‌బాల్ మీద ఆయనకి పెద్ద ఆసక్తి కూడా లేదు. ఆయన పిచ్చంతా అచ్చుకాగితం మీద. పోస్టుకార్డులు, గ్రీటింగ్ కార్డులు, సిగరెట్ కార్డులు, కంపెనీలు ఉచితంగా పంచే రంగుల బొమ్మలు, ఏది దొరికితే అది దాచాడు.

దాచి ఊరుకోలేదు. 1930ల చివర్లో వాటన్నిటికీ ఒక కేటలాగ్ తయారు చేశాడు. దాని పేరు తర్వాత అమెరికన్ కార్డ్ కేటలాగ్ అయింది. ఏ కార్డు ఏ సెట్‌కి చెందిందో గుర్తుపట్టడానికి అక్షరం, అంకె కలిపి ఒక కోడ్ ఇచ్చాడు. ఇరవయ్యో శతాబ్దపు పొగాకు కార్డులకి 'టీ' అక్షరం. వాగ్నర్ కార్డున్న సెట్‌కి ఆయన పెట్టిన పేరు టీ206. ఈరోజు కోట్లలో వేలం పాడేవాళ్ళు కూడా ఆ ఫ్యాక్టరీ కార్మికుడు ఇచ్చిన కోడ్‌తోనే దాన్ని పిలుస్తారు.

డేటాబేస్ చదివినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ప్రైమరీ కీ లేని చోట లావాదేవీ కుదరదు. నువ్వు అమ్మే కార్డు, నేను కొనాలనుకునే కార్డు ఒకటే అని ఇద్దరం ఒప్పుకోవాలంటే దానికో పేరుండాలి. ఆ పేరు బర్డిక్ ఇచ్చాడు. కేటలాగ్‌లో ఆయన ధరలు కూడా రాశాడు. మామూలు కార్డులకి సెంట్లలో, వాగ్నర్‌కి మాత్రం 50 డాలర్లు.

కానీ బర్డిక్ తన కార్డులతో వ్యాపారం చేయలేదు. మొత్తం సేకరణని న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చేశాడు. 3 లక్షలకి పైగా కాగితాలు, అందులో బేస్‌బాల్ కార్డులే 30 వేలకి పైన. ఏళ్ళ తరబడి మ్యూజియంలో కూర్చుని తన చేతులతోనే ఆల్బమ్‌లలో అంటించాడు. 1963 జనవరిలో ఆ పని పూర్తయింది. అదే సంవత్సరం మార్చిలో చనిపోయాడు. మార్కెట్‌కి పునాది వేసిన మనిషి మార్కెట్లో లేడు.

సముద్రంలో కలిసిన సరుకు

ఇప్పుడు కొరత సంగతి. 1952లో టాప్స్ అనే చూయింగ్ గమ్ కంపెనీ 407 కార్డుల సెట్ విడుదల చేసింది. సై బెర్గర్ అనే ఉద్యోగి దాని రూపకర్తల్లో ముఖ్యుడు. పెద్ద సైజు కార్డు, ముందువైపు రంగుల బొమ్మ, జట్టు గుర్తు, ఆటగాడి సంతకం నకలు, వెనక గణాంకాలు. అయిదు సెంట్లకి ఒక ప్యాకెట్. సెట్‌లో చివరి భాగం, 311వ నంబరు నుంచి, సీజన్ ముగిసేవేళకి బజారుకి వచ్చింది. పిల్లల దృష్టి అప్పటికే ఫుట్‌బాల్ వైపు మళ్ళింది. కొట్లవాళ్ళు సరుకు తీసుకోలేదు.

అమ్ముడుపోని పెట్టెలు గోడౌన్‌లో ఏళ్ళ తరబడి పడి ఉన్నాయి. ఎంత తక్కువకి ఇస్తామన్నా ఎవరూ కొనలేదు. చివరికి 1960 ప్రాంతంలో వాటిని పడవకెత్తి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించానని బెర్గర్ స్వయంగా చెప్పేవాడు. ఆ చివరి భాగంలో మొదటి కార్డు, 311వ నంబరు, మికీ మాంటిల్‌ది. 2022 ఆగస్టులో మచ్చలేని ఒక మాంటిల్ కార్డు వేలంలో 1.26 కోట్ల డాలర్లకి పోయింది.

దీన్నుంచి నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇది. వాగ్నర్ కార్డు అరుదైంది అచ్చు ఆగిపోవడం వల్ల. మాంటిల్ కార్డు అరుదైంది అమ్ముడుపోకపోవడం వల్ల. రెండు చోట్లా విలువ కోసం ఎవరూ ప్లాన్ వేయలేదు. పనికిరాదనుకుని వదిలేసిన వస్తువు మాత్రమే తర్వాత అరుదవుతుంది. "ఇది అరుదవుతుంది, దాచుకోండి" అని అందరికీ చెప్పి అమ్మే వస్తువు అరుదయ్యే దారే లేదు, ఎందుకంటే అందరూ దాచుకుంటారు.

రెండో కాగితం: ధర

1970ల అమెరికాని తలుచుకోవాలి. ధరలు మండిపోతున్నాయి. 1980లో ద్రవ్యోల్బణం 13 శాతం దాటింది. బ్యాంకులో డబ్బు కరిగిపోతుంటే జనం చేత్తో పట్టుకోగలిగే వస్తువుల మీద పడ్డారు. బంగారం, నాణేలు, స్టాంపులు, పాత సామాన్లు. సాలమన్ బ్రదర్స్ లాంటి పెద్ద ఫైనాన్స్ సంస్థ కూడా స్టాంపులనీ, నాణేలనీ షేర్ల పక్కన పెట్టి ఏటా రాబడి పోల్చి చూపించేది. స్టాంపు షేరుకి పోటీ వస్తే, కార్డు ఎందుకు రాకూడదు?

1950లలో కార్డులతో ఆడిన పిల్లలు అప్పటికి ముప్పై దాటిన ఉద్యోగస్థులు. జేబులో డబ్బుంది, మనసులో చిన్నతనం ఉంది. 1973లో స్పోర్ట్స్ కలెక్టర్స్ డైజెస్ట్ అనే పత్రిక మొదలైంది. 1980లో లాస్ ఏంజెలిస్‌లో మొదటి జాతీయ స్థాయి కలెక్టర్ల సమావేశం జరిగింది. కానీ ఒక ఊళ్ళో ఐదు డాలర్లకి పోయే కార్డు ఇంకో ఊళ్ళో యాభైకి పోయేది. అసలు రేటు ఎంతో ఎవరికీ తెలీదు.

ఆ లోటు తీర్చింది ఒక స్టాటిస్టిక్స్ మాస్టారు. జేమ్స్ బెకెట్, ఒహాయోలోని బౌలింగ్ గ్రీన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాడు, తను కూడా కార్డులు పోగేసేవాడు. 1970ల మధ్యలో డీలర్లకీ, కలెక్టర్లకీ ఫారాలు పంపి ఏ కార్డు ఎంతకి పోతోందో సర్వే చేశాడు. 1979లో డెనిస్ ఎక్స్‌తో కలిసి పుస్తకంగా ధరల గైడు తెచ్చాడు. 1984 నవంబరు నుంచి నెలనెలా పత్రిక. ప్రతి కార్డు ఎదురుగా తక్కువ ధర, ఎక్కువ ధర, పక్కన పైకో కిందకో చూపించే బాణం గుర్తు. అచ్చం మన పేపర్లో షేర్ల పేజీలాగే.

ఆ బాణం గుర్తు చేసిన పని తక్కువది కాదు. పదేళ్ళ పిల్లాడు కూడా నెలకోసారి పత్రిక తెరిచి "నా ఆస్తి ఎంత పెరిగింది" అని కూడుకోవడం మొదలుపెట్టాడు. కార్డులు రబ్బరు బ్యాండు నుంచి ప్లాస్టిక్ కవర్లలోకి మారాయి. వెనకాల గణాంకాలు చదవడం తగ్గింది, మూలలు నలిగాయా లేదా అని భూతద్దంతో చూడటం పెరిగింది.

ఈ ధరల పట్టిక ఎంత నమ్మకం సంపాదించిందంటే, ఆర్థికవేత్తలు దాన్నే డేటాగా వాడారు. 1990లో క్లార్క్ నార్డినెల్లి, కర్టిస్ సైమన్ క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఒక పేపర్ వేశారు. ఆటలో సమానమైన రికార్డు ఉన్న బ్యాటర్లని తీసుకుంటే, తెల్లజాతి కాని ఆటగాళ్ళ కార్డులకి సుమారు 10 శాతం తక్కువ ధర ఉందని తేల్చారు. జనం మనసులో ఉన్న వివక్ష కూడా ధరలోకి ఎక్కుతుందన్నమాట. మార్కెట్ రేటు అనగానే అది సత్యం అనుకునేవాళ్ళు ఈ పేపర్ ఒకసారి చదవాలి.

ఇక గైడులో ఉన్న అసలు చిక్కు. గైడు ధర అంటే షాపువాడు మీకు అమ్మే ధర. మీరు అదే కార్డు తీసుకెళ్ళి "కొనండి" అంటే అతను అందులో సగమో, ఇంకా తక్కువో ఇస్తాడు. అతనికి అద్దె కట్టాలి, కొనేవాడి కోసం నెలలు ఆగాలి. ఒక ఉదాహరణ అనుకుందాం. మీ దగ్గర గైడు ప్రకారం 1,000 డాలర్ల కార్డులున్నాయి. షాపులో 400 ఇస్తామన్నారు. మీ ఆస్తి వెయ్యా, నాలుగు వందలా? కాగితం మీద వెయ్యి. ఆసుపత్రి బిల్లు కట్టాల్సిన రోజున నాలుగు వందలు.

రెండో చిక్కు మన ఇంజినీర్లకి బాగా తెలిసిందే. డీలర్లు గైడు చూసి రేటు పెడతారు. గైడు డీలర్ల రేట్లు చూసి ధర అచ్చేస్తుంది. ఔట్‌పుట్ తిరిగి ఇన్‌పుట్‌కే వస్తోంది, మధ్యలో ఆపేది ఏదీ లేదు. పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ ఉన్న సర్క్యూట్ ఏమవుతుందో ల్యాబ్‌లో చూశాం కదా.

రూకీ కార్డు అనే షేరు

ధర దొరికాక సట్టా మొదలైంది. పాత కార్డులు ఖరీదు, పైగా దొరకవు. కొత్తవి చవక. మరి ఏ కొత్త కార్డు రేపటి మాంటిల్ అవుతుంది? ఆటగాడి తొలి సంవత్సరపు కార్డుని రూకీ కార్డు అంటారు. కుర్రాడు పెద్ద స్టార్ అయితే అది పెరుగుతుందని లెక్క. 1984లో న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు డాన్ మాటింగ్లీ బ్యాటింగ్‌లో అగ్రస్థానం కొట్టాడు, 1985లో లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. అతని 1984 డాన్‌రస్ కార్డు ధర చూసి దేశమంతా అలాంటి ఇంకో కుర్రాడి కోసం వెతకడం మొదలుపెట్టింది. ఒకే ఆటగాడి రూకీ కార్డులు వందేసి కట్టలుగా పత్రికల్లో ప్రకటన ఇచ్చి అమ్మారు.

తమాషా ఏంటంటే 1952 టాప్స్ మాంటిల్ అసలు రూకీ కార్డే కాదు. అతని తొలి కార్డు 1951లో బోమన్ కంపెనీది. సిద్ధాంతం ఏ ఉదాహరణ మీద నిలబడిందో ఆ ఉదాహరణే సిద్ధాంతానికి లొంగదు.

ఆశ పెట్టుకున్నవాళ్ళలో గ్రెగ్ జెఫరీస్ ఒకడు. 1986, 1987 రెండేళ్ళూ కింది స్థాయి లీగుల్లో ఉత్తమ ఆటగాడిగా బేస్‌బాల్ అమెరికా పత్రిక అతన్నే ఎంచింది. 1988 నాటి అతని కార్డుల కోసం జనం ఎగబడ్డారు. అతను చెడ్డ ఆటగాడేం కాదు. కెరీర్ సగటు .289, రెండుసార్లు ఆల్‌స్టార్. మామూలు కొలమానంలో అది గౌరవమైన కెరీర్. కానీ కార్డు ధరలో అప్పటికే ఒక మహానుభావుడి కెరీర్ మొత్తం కలిపేశారు. మంచిగా ఆడినా నష్టమే వచ్చింది.

అంచనా నిజమైతే? 1989లో అప్పర్ డెక్ అనే కొత్త కంపెనీ తన సెట్‌లో 1వ నంబరుగా కెన్ గ్రిఫీ జూనియర్‌ని వేసింది. అప్పటికి అతను పెద్ద లీగులో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. నకిలీలు రాకుండా హోలోగ్రామ్, విప్పి మళ్ళీ అతికించడానికి వీల్లేని ఫాయిల్ ప్యాకెట్. గ్రిఫీ నిజంగానే దిగ్గజం అయ్యాడు, 2016లో 99.3 శాతం ఓట్లతో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎన్నికయ్యాడు. ఇంతకన్నా సరైన జోస్యం ఉండదు. అయినా ఆ కార్డు ధర మాంటిల్ కార్డు దరిదాపులకి రాలేదు. కారణం, కొన్నవాళ్ళందరూ మొదటి రోజునుంచే ప్లాస్టిక్‌లో పెట్టి దాచారు. మచ్చలేని కాపీలే వేలల్లో ఉన్నాయి. ఆటగాడి గురించి మీ అంచనా నెగ్గినా సప్లై మిమ్మల్ని ఓడిస్తుంది.

అచ్చుయంత్రం ఆగలేదు

1956లో బోమన్‌ని కొనేశాక టాప్స్‌కి దాదాపు పోటీ లేదు. ఫ్లీర్ కంపెనీ కోర్టుకెళ్ళి 1980లో తీర్పు తెచ్చుకుంది. 1981లో ఫ్లీర్, డాన్‌రస్ రెండూ రంగంలోకి దిగాయి. పై కోర్టు ఆ తీర్పుని తిరగరాస్తే, టాప్స్ హక్కు గమ్‌తో కలిపి అమ్మే కార్డుల మీదే కాబట్టి గమ్ తీసేసి స్టిక్కర్లూ, పజిల్ ముక్కలూ పెట్టి అమ్మారు. 1988లో స్కోర్, 1989లో అప్పర్ డెక్. ఎనిమిదేళ్ళలో ఒక కంపెనీ ఐదయింది. ఒక్కొక్క కంపెనీ ఏడాదికి ఒక సెట్‌తో ఆగలేదు.

ఎన్ని అచ్చేశారో కంపెనీలు బయటపెట్టలేదు. కొనేవాళ్ళు మాత్రం "కొరత ఉంటుంది" అని నమ్మి కొన్నారు. షేరు కొనేవాడికి కంపెనీ మొత్తం షేర్లెన్నో తెలుస్తుంది. ఇక్కడ ఆ ఒక్క అంకె తెలియకుండా పదేళ్ళు మార్కెట్ నడిచింది. ఈ సమాచారం ఎవరి దగ్గరుందో, లాభం కూడా వాళ్ళ దగ్గరే ఉంది.

1994 ఆగస్టులో ఆటగాళ్ళు సమ్మెకి దిగారు. ఆ ఏడాది ఫైనల్స్, అంటే వరల్డ్ సిరీస్, రద్దయింది. అభిమానులకి ఆట మీదే విరక్తి పుట్టింది. అమ్మడానికి పెట్టెలు తెచ్చినవాళ్ళకి అప్పుడు తెలిసింది, పక్కింటివాళ్ళ అటక మీద కూడా అవే పెట్టెలున్నాయని. 1980ల చివరి నుంచి 1990ల మొదటి వరకు నడిచిన ఆ కాలాన్ని ఇప్పుడు కలెక్టర్లు "జంక్ వ్యాక్స్" రోజులంటారు. మైనం కాగితం చుట్టిన చెత్త అని అర్థం.

మూడో కాగితం: సర్టిఫికెట్

ధర పెరిగేకొద్దీ మోసం కూడా పెరిగింది. అంచులు కత్తిరించి మూలలు పదునుగా చేయడం, మరకలు తుడవడం, నకిలీలు. నాణేల రంగంలో 1986లో ఒక పరిష్కారం వచ్చింది. మూడో మనిషి నాణేన్ని చూసి గ్రేడు ఇచ్చి ప్లాస్టిక్ డబ్బాలో మూసి సీలు వేస్తాడు. అదే బృందంలోని డేవిడ్ హాల్ 1991లో కార్డుల కోసం పీఎస్ఏ అనే సంస్థ పెట్టాడు. 1 నుంచి 10 వరకు మార్కులు.

పీఎస్ఏ గ్రేడు ఇచ్చిన మొట్టమొదటి కార్డు మన వాగ్నర్. గ్రేడు 8, సర్టిఫికెట్ నంబరు ఒకటి. ఈ ఒక్క కాపీ ప్రయాణం చూడండి. 1985లో బిల్ మాస్ట్రో అనే డీలర్ 25,000 డాలర్లకి కొన్నాడు. 1987లో 1,10,000కి అమ్మాడు. 1991లో సదబీస్ వేలంలో ఐస్ హాకీ దిగ్గజం వేన్ గ్రెట్స్‌కీ, బ్రూస్ మెక్‌నాల్ కలిసి 4,51,000కి కొన్నారు. కార్డు కూడా వేలంశాలలో పెయింటింగ్ పక్కన నిలబడగలదని ఆ రోజు అందరూ నమ్మారు.

2013లో మాస్ట్రో కోర్టులో ఒప్పుకున్నాడు, ఆ కార్డు అంచులు తనే కత్తిరించానని. వేలంపాటల మోసం కేసులో 2015లో అతనికి 20 నెలల జైలు శిక్ష పడింది. నమ్మకం అమ్మడానికి పుట్టిన సంస్థ ఇచ్చిన ఒకటో నంబరు సర్టిఫికెట్, కత్తిరించిన కార్డుకి. అంతకన్నా విచిత్రం, ఆ నిజం బయటపడకముందే 2007లో ఆ కార్డు 28 లక్షల డాలర్లకి చేరింది.

ఇక లెక్క చేద్దాం

కాలిక్యులేటర్ తీసుకోండి. వాగ్నర్ కార్డు 1985 నుంచి 1987 వరకు 4.4 రెట్లయింది, చక్రవడ్డీ లెక్కన ఏడాదికి 110 శాతం. 1987 నుంచి 1991 వరకు 4.1 రెట్లు, ఏడాదికి 42 శాతం. పేపర్లలో వచ్చే ముచ్చట్లన్నీ ఈ రెండు అంకెల గురించే. 1991 నుంచి 2000 వరకు చూద్దాం. ఆ ఏడాది ఈబేలో అది 12,65,000కి పోయింది. తొమ్మిదేళ్ళలో 2.8 రెట్లు, ఏడాదికి 12 శాతం. అదే కాలంలో అమెరికా ఎస్ అండ్ పీ 500 సూచీ సుమారు 375 నుంచి 1,400 పైకి వెళ్ళింది, డివిడెండ్లు కలపకుండానే దాదాపు నాలుగు రెట్లు. అంటే ప్రపంచంలోకెల్లా పేరున్న కార్డు కూడా ఆ తొమ్మిదేళ్ళు మామూలు ఇండెక్స్ వెనకే నడిచింది. ఇందులో ఇన్సూరెన్స్, లాకరు, వేలంశాల కమీషన్ నేను లెక్కలోకి తీసుకోలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ దాచను. 1.26 కోట్లకి పోయిన ఆ మాంటిల్‌ని అమ్మినాయన 1991లో 50,000కి కొన్నాడు. 31 ఏళ్ళలో 252 రెట్లు, ఏడాదికి సుమారు 19.5 శాతం. అద్భుతమే. కానీ అది ఆ కార్డు కాపీల్లో అత్యుత్తమమైనదిగా పేరున్న ఒకే ఒక్క కాపీ. దాన్ని చూసి "కార్డులు మంచి పెట్టుబడి" అనడం, మన సీనియర్లలో ఒక్కరికి వచ్చిన ప్యాకేజీ చూసి బ్రాంచి మొత్తానికి అదే వస్తుందనడం లాంటిది.

మామూలు మనిషి కొన్నది ఏంటి? 1990లో సుమారు 50 సెంట్ల ప్యాకెట్లు 36 ఉన్న పెట్టె, అంటే 18 డాలర్లు. ఆ కాలపు పెట్టెలు చాలావరకు ఇప్పటికీ అప్పటి ధరకి అటూ ఇటూగానే దొరుకుతాయి. 2024కి అమెరికాలో ధరలు 1990తో పోలిస్తే దాదాపు 2.4 రెట్లయ్యాయి. కాబట్టి ఆ 18 డాలర్ల అసలు విలువ ఏడున్నర. అదే 18 డాలర్లు 1990 చివర్లో 330 దగ్గరున్న ఎస్ అండ్ పీ సూచీలో పెడితే, 2024 చివరికి సూచీ 5,880. చేతికొచ్చేది సుమారు 320 డాలర్లు. ఒక కుటుంబం పిల్లాడి చదువుకోసం యాభై పెట్టెలు దాచిందనుకోండి, ఈ తేడా ఎంత బరువైందో తెలుస్తుంది.

ఎన్‌పీవీ ఫార్ములా కూడా గుర్తు చేసుకోండి. ప్రతి ఏడాదీ వచ్చే నగదుని డిస్కౌంట్ చేసి కూడతాం. పొలం కౌలు ఇస్తుంది, ఇల్లు అద్దె ఇస్తుంది, షేరు వెనక కంపెనీ లాభం ఉంటుంది. కార్డుకి మధ్యలో వచ్చే నగదు సున్నా. చివరి రోజున ఇంకొకడు ఎంతిస్తాడన్న ఒక్క అంకె మీదే లెక్కంతా నడుస్తుంది. ఆ ఇంకొకడి లెక్క కూడా మరొకడి మీద.

మనకెందుకు ఈ గొడవ

మన దగ్గర బేస్‌బాల్ కార్డులు లేవు. కానీ "ట్రాక్టర్ బొమ్మున్న పాత ఐదు రూపాయల నోటుంటే లక్షలు" అని ఇంట్లో వాట్సాప్ గ్రూపులో మెసేజ్ రాని వాళ్ళెవరు? 786 నంబరు నోటు, పాత నాణెం, అన్నీ ఇదే బాపతు. కమీషన్ కట్టమని అడిగే ఇలాంటి మోసాల గురించి 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే ప్రజలని హెచ్చరించింది. అక్కడ కూడా ధర ఉంటుంది, కొనేవాడు ఉండడు. లిమిటెడ్ ఎడిషన్ షూస్ అన్నా, ఎన్ఎఫ్‌టీ అన్నా మొహం మారిందంతే.

జాన్ లిస్ట్ అనే ఆర్థికవేత్త ఒకప్పుడు తనే కార్డులు అమ్మిన మనిషి. కార్డుల సంతల్లో ఆయన చేసిన ప్రయోగం ఒకటి 2003లో అచ్చయింది. సమాన విలువున్న రెండు జ్ఞాపికల్లో ఏదో ఒకటి చేతికిచ్చి, రెండోదానితో మార్చుకుంటారా అని అడిగాడు. కొత్తవాళ్ళలో ఎక్కువమంది ఇచ్చినదాన్ని వదల్లేదు. ఆరితేరిన వ్యాపారులు మాత్రం తేలిగ్గా మార్చుకున్నారు. చేతిలో ఉందన్న కారణానికే మనం వస్తువుకి ఎక్కువ విలువ కడతాం. అటక మీద పెట్టెలు పెట్టుకున్నవాళ్ళు ధర పడుతున్నా అమ్మకపోవడానికి ఇదీ ఒక కారణం కావొచ్చని నా ఊహ.

అందుకని ఎవరైనా "ఇది కొను, పెరుగుతుంది" అన్నప్పుడు నేను నాలుగు ప్రశ్నలు రాసిపెట్టుకున్నాను. మొత్తం ఎన్ని ఉన్నాయో ఎవరికైనా తెలుసా? చెప్పే ధర అమ్మే ధరా, కొనే ధరా? అసలుదే అని చెప్పేవాడికి జీతం ఎవరిస్తున్నారు? నాలాగే ఇంకెంతమంది దాచుకుంటున్నారు? 1989లో కార్డుల షాపు ముందు నిలబడి ఈ నాలుగూ అడిగినవాడికి ఒక్కదానికీ తృప్తికరమైన జవాబు దొరికేది కాదు.

ఇదంతా చదివి కార్డులంటే నాకు అయిష్టం కలగలేదు. బర్డిక్ వంకర వేళ్ళతో అంటించిన ఆ ఆల్బమ్‌లని ఒకసారి చూడాలని ఉంది. మీకు కూడా ఏదైనా నచ్చితే, ధోనీ సంతకమున్న బ్యాటో, పాత సినిమా పోస్టరో, కొనుక్కోండి, గోడకి పెట్టుకోండి, వచ్చినవాళ్ళకి చూపించండి. పుస్తకంలో లెక్క రాసుకునేటప్పుడు మాత్రం ఆ డబ్బుని ఖర్చు కిందే రాయండి.